ఊహా దేశానికి నోటు గీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

లేని దేశానికి కరెన్సీ నోటు డిజైన్ చేయడం కొంచెం పిచ్చి సరదా. ఒకసారి అంటుకుంటే మాత్రం వదలదు. ఈ పని మొదలుపెట్టినవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ఉదాహరణలకు ఎక్కువగా నా నోటునే వాడుకుంటాను. అది ఎప్పుడూ వాన కురిసే ఒక దేశానిది. అక్కడి డబ్బు పేరు ‘చినుకు’. వంద చినుకులైతే ఒక ‘వాన’.

దీన్ని ఆర్ట్ అంటారా, లేక దొంగనోట్ల పనికి పెట్టిన అందమైన పేరా?

ఆర్టే. దీనికి చాలా చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914 నుంచి దాదాపు పదేళ్లపాటు జర్మనీ ఊళ్లు చిల్లర కరువై సొంతంగా ‘నోట్‌గెల్డ్’ ముద్రించుకున్నాయి. ఊరి కథలు, వెటకారాలు, దెయ్యాల బొమ్మలు అన్నీ వాటిమీదికెక్కాయి. చివరికి వాడుకోవడానికి కాకుండా దాచుకునేవాళ్ల కోసమే సిరీస్‌లు వేశారు. బ్రెజిల్ కళాకారుడు సిల్దో మెయిరెలెస్ 1970లలో ‘సున్నా క్రుజేరో’ నోటు చేశాడు, తర్వాత ‘సున్నా డాలర్’ కూడా. 2007లో ఫిఫ్త్ పిల్లర్ అనే సంస్థ లంచం అడిగేవాళ్ల చేతిలో పెట్టడానికి ‘సున్నా రూపాయి’ నోటు తెచ్చింది. చూడగానే నోటు అనిపిస్తుంది, చదవగానే నవ్వొస్తుంది.

అందరికన్నా ముదురు అమెరికన్ కళాకారుడు జె.ఎస్.జి. బాగ్స్. నోటును ఒకవైపు మాత్రమే చేత్తో గీసి, ఇది బొమ్మే అని ముందే చెప్పి, దాని మీదున్న విలువకే హోటల్లోనో దుకాణంలోనో ఇస్తానని బేరం పెట్టేవాడు. ఒప్పుకున్నవాళ్ల దగ్గర చిల్లర, రసీదు తీసుకునేవాడు. కళాఖండాలు సేకరించేవాళ్లకు ముందు ఆ రసీదూ చిల్లరా అమ్మేవాడు, బొమ్మ ఎవరి దగ్గరుందో వాళ్లే వెతుక్కోవాలి. 1986లో లండన్‌లో అతన్ని అరెస్ట్ చేశారు. 1987లో ఓల్డ్ బెయిలీ కోర్టులో జ్యూరీ నిర్దోషి అంది. అమెరికాలో మాత్రం దొంగనోట్ల కేసులు చూసే సీక్రెట్ సర్వీస్ అతని బొమ్మలు పట్టుకుపోయింది.

మరి చట్టం?

దేశానికో రకంగా ఉంది. అమెరికాలో 1992 నాటి చట్టం ప్రకారం అసలు నోటు బొమ్మను రంగుల్లో వేయాలంటే పొడవు, వెడల్పులు అసలుదానిలో ముప్పాతిక వంతు కన్నా తక్కువ, లేదంటే ఒకటిన్నర రెట్లకన్నా ఎక్కువ ఉండాలి. ఒకవైపే ఉండాలి. పని అయ్యాక ఫైళ్లు కూడా నాశనం చేయాలి. యూరోకి ఒకవైపు బొమ్మయితే 75 శాతం లేదా అంతకన్నా తక్కువ, లేదంటే 125 శాతం లేదా అంతకన్నా ఎక్కువ సైజు అనే నిబంధన ఉంది. తెరమీద చూపించే బొమ్మలకు వేరే షరతులున్నాయి: 72 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే లెక్క) దాటకూడదు, అడ్డంగా ‘స్పెసిమెన్’ అని ఉండాలి. భారతీయ న్యాయ సంహిత 182వ సెక్షన్ ఇంకా విశాలంగా ఉంది: ఏ రకంగానైనా నోటును పోలిన పత్రం తయారుచేస్తే జరిమానా.

ఇవన్నీ అసలు నోట్లను పోలిన వాటి గురించి. మనం చేసేది లేని దేశపు నోటు కాబట్టి హాయిగా దూరంగా ఉండొచ్చు. ఆ దూరం కనబడాలి, అంతే. నేను పెట్టుకున్న నియమాలివి: చలామణీలో ఉన్న ఏ డబ్బు పేరూ, గుర్తూ, ఏ బ్యాంకు పేరూ ఉండదు. సైజు జేబులో పట్టదు. ‘నమూనా’ అనే మాట డిజైన్‌లో భాగంగానే ఉంటుంది, తర్వాత తెచ్చి అతికించిన ముద్రలా కాదు. నా నోటులో వాన గీతలే ఆ మూడక్షరాల చుట్టూ దారి మళ్లుతాయి.

అసలు నోటును స్కాన్ చేసి, దాని మీద మార్పులు చేసుకుంటే త్వరగా అయిపోదా?

అవదు. 2003లో వచ్చిన ఫోటోషాప్ సీఎస్ నుంచి అందులో నోట్లను గుర్తుపట్టే ఏర్పాటు ఉంది. కొన్ని కేంద్ర బ్యాంకులు కలిసి ఏర్పాటు చేసుకున్న బృందం దాన్ని తయారుచేయించింది. స్కాన్ చేసిన నోటు తెరిస్తే హెచ్చరిక వచ్చి ఆగిపోతుంది.

అది దాటగలిగినా నా సలహా వద్దనే. స్కాన్ మీద పనిచేసినవాళ్ల నోట్లు ఒక్క చూపుకే తెలిసిపోతాయి. ముఖం మార్చి, అంకె మార్చి వదిలేసి ఉంటారు, కింద గీతలన్నీ ఇంకెవరో నెలల తరబడి గీసినవి. నోటు డిజైన్‌లో మజా అంతా ఆ గీతల్లోనే ఉంది. వాటిని అప్పు తెచ్చుకుంటే మనం చేసిందల్లా స్టిక్కర్ అంటించడమే. అసలు నోట్లను భూతద్దంతో చూడండి, నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో గమనించినవి రాసుకోండి. స్కానర్ జోలికి మాత్రం పోకండి.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

గీతలకు వెక్టర్ (లెక్కలతో గీసేది, ఎంత పెంచినా చెదరదు), రంగు మరకలకు, కాగితపు మచ్చలకు రాస్టర్ (పిక్సెళ్లతో నింపేది). ఇల్లస్ట్రేటర్ గానీ ఇంక్‌స్కేప్ గానీ ముందు నేర్చుకోండి. ఇంక్‌స్కేప్ ఉచితం, ఈ పనికి కావలసిన స్పైరోగ్రాఫ్, ఇంటర్‌పొలేట్ రెండూ అందులోనే ఉన్నాయి. ఫోటోషాప్ లేదా జింప్ చివర్లో వస్తాయి. చాలామంది ఫోటోషాప్‌తో మొదలుపెట్టి, 40 లేయర్లయ్యాక గీతల మందం మార్చాలని తెలిసి తల పట్టుకుంటారు. నేనూ పట్టుకున్నాను.

సైజు, రిజల్యూషన్ ఎంత పెట్టాలి?

అసలు నోట్ల కొలతలు చూస్తే డాలర్ 156×66 మి.మీ., 5 యూరోలు 120×62, కొత్త స్విస్ నోట్లన్నీ 70 మి.మీ. ఎత్తు. అంటే ఎత్తుకు దాదాపు రెండు రెట్లు, రెండున్నర రెట్లు పొడవు. ఆ నిష్పత్తి ఉంచుకుని సైజు పెంచండి. నాది 240×110 మి.మీ. పెద్దగా ఉంటే నోటులా అనిపించదేమో అని భయపడక్కర్లేదు. మలేషియా 2017లో 370×220 మి.మీ. స్మారక నోటే వేసింది.

రిజల్యూషన్ విషయంలో ఒక లెక్క గుర్తుంచుకుంటే చాలు. నోటు మీద సన్నగీత సుమారు 0.1 మి.మీ. అనుకుందాం. 300 డీపీఐలో అది పిక్సెల్ కన్నా కాస్త ఎక్కువ. వంపు తిరిగే చోట మెట్లు మెట్లుగా, బూడిద రంగు మసకగా మారిపోతుంది. 600లో రెండుంపావు పిక్సెళ్లకు పైనే వస్తుంది, అప్పుడు నిలబడుతుంది. నా సైజుకు 600 డీపీఐ అంటే 5669×2598 పిక్సెళ్లు, ఒక్క లేయరే సుమారు 44 ఎంబీ. 1200కి పోతే దానికి నాలుగింతలు. కంప్యూటర్ ఫ్యాన్ విమానంలా మోగడం మొదలుపెడుతుంది. అందుకే గీతలు చివరిదాకా వెక్టర్‌లోనే ఉంచండి. వాటికి ఈ బాధ లేదు.

ఖాళీ పేజీ చూస్తే టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి?

దేశంతో మొదలుపెట్టండి. సాఫ్ట్‌వేర్ తెరవకుండా ఒక పేజీ రాయండి: అక్కడ ఏం పండుతుంది, దేనికి భయపడతారు, ఎవరిని గౌరవిస్తారు, పక్క దేశాన్ని చూసి దేనికి కుళ్లుకుంటారు. నోటు అంటే ఆ దేశం తన గురించి తాను చెప్పుకునే గొప్ప. ఏం చెప్పుకుంటుందో తెలియకపోతే ఒక సింహం, రెండు ఆకులు, ఒక మీసాల రాజు వేసి ఊరుకుంటాం.

యూరో నోట్లు చూడండి. 1996 పోటీలో గెలిచిన ఆస్ట్రియా డిజైనర్ రాబర్ట్ కలీనా ఏ దేశమూ అలగకూడదని లేని వంతెనలు గీశాడు. ఒక్కో నోటుకు ఒక్కో కాలపు నిర్మాణ శైలి, కానీ ఏ వంతెనా ఎక్కడా లేదు. తర్వాత నెదర్లాండ్స్‌లోని స్పైకెనిసే అనే ఊరు పట్టుబట్టి ఆ ఏడు వంతెనలనూ నోట్ల రంగుల్లోనే నిజంగా కట్టేసింది. నార్వే 2017 నుంచి తెచ్చిన నోట్ల వెనకవైపు ఇంకా నచ్చుతుంది నాకు. స్నోహెట్టా సంస్థ చేసిన ఆ డిజైన్‌లో రంగు గళ్లు తప్ప ఏమీ ఉండవు. విలువ పెరిగేకొద్దీ గాలి వేగం పెరిగి ఆ గళ్లు సాగిపోతాయి. 50 క్రోనర్ల నోటులో మెల్లని గాలి, 1000లో హోరు.

ఆ ఆలోచన నుంచే నా సిరీస్‌కి దారి దొరికింది. ఒక చినుకు నోటులో గీతలు పలచగా, దూరం దూరంగా. యాభై చినుకులకు జల్లు. వాన నోటుకు వచ్చేసరికి గీతలు దట్టమై బొమ్మే కనబడనంత కుంభవృష్టి. చదవడం రానివాడు కూడా దేని విలువ ఎక్కువో చెప్పేయగలడు. ముఖచిత్రం రాజుది కాదు, వర్షపాతం కొలిచే ముసలావిడది.

నోట్ల మీద ఉండే ఆ మెలికల ముగ్గు ఎలా గీస్తారు?

దాన్ని గిలోష్ అంటారు. ముగ్గు అనడం బాగానే ఉంది, ఎందుకంటే రెండింటి కిటుకూ ఒకటే: చెయ్యి ఎత్తకుండా తిరిగే గీత, బయల్దేరిన చోటికే వచ్చి కలవాలి. 19వ శతాబ్దంలో పళ్లచక్రాలున్న లేతు మీద దీన్ని లోహంలో చెక్కేవాళ్లు. చక్రాల అమరిక తెలియనివాడికి ఆ గీతను చేత్తో అనుకరించడం దాదాపు అసాధ్యం. అందుకే నోట్లలో అంతగా పాతుకుపోయింది.

ఇంక్‌స్కేప్‌లో ఎక్స్‌టెన్షన్లలోని స్పైరోగ్రాఫ్ తెరవండి. మూడు అంకెలు అడుగుతుంది: బయటి వలయం, లోపల దొర్లే చక్రం, చక్రం మధ్య నుంచి పెన్ను దూరం. అంకెలు గుడ్డిగా మార్చి చూడడం కన్నా ఈ లెక్క తెలుసుకోండి. వలయం సంఖ్యను, వలయానికీ చక్రానికీ ఉన్న గసాభాతో భాగిస్తే ఎన్ని రేకులో వస్తాయి. బడిలో నేర్చుకున్న గసాభా ఇన్నాళ్లకు పనికొచ్చిందని మురిసిపోయాను. వలయం 96, చక్రం 32 అయితే గసాభా 32, మూడే రేకులు. చక్రాన్ని 36 చేస్తే ఎనిమిది. 40 చేస్తే పన్నెండు. 35 చేస్తే ఉమ్మడి భాజకం ఒకటే కాబట్టి ఏకంగా 96 రేకులు, గీత 35 చుట్లు తిరిగి మొదటికొస్తుంది. నోటు మీద పువ్వులా కనిపించేవి ఇలాంటి పెద్ద సంఖ్యల నుంచే పుడతాయి.

ఒక్క గీతతో ఆగితే పిల్లల బొమ్మలా ఉంటుంది. వలయం, చక్రం అవే ఉంచి, పెన్ను దూరాన్ని కొంచెం కొంచెం పెంచుతూ ఆరేడుసార్లు గీసి ఒకదానిమీద ఒకటి పేర్చండి. రేకుల అంచుల దగ్గర గీతలు ఒత్తుగా చేరి నీడ పడ్డట్టు, మధ్యలో విడిపోయి వెలుగు పడ్డట్టు కనిపిస్తుంది. అక్కడ నీడా లేదు, వెలుగూ లేదు, గీతల ఎడం ఒక్కటే. ఇది కళ్లారా చూసిన రోజు నుంచి నేను నోటులో గ్రేడియంట్ నింపడం మానేశాను.

అంచు పట్టీలకు ఇంకో దారి. ఒక అల గీయండి. దాన్నే కాపీ చేసి ఎత్తు తగ్గించి, కాస్త పక్కకు జరపండి. రెంటి మధ్య ఇంటర్‌పొలేట్‌తో ఇరవై నాలుగు అంచెలు నింపండి. ఇల్లస్ట్రేటర్‌లో అయితే బ్లెండ్. గాలికి మడతపడిన పలచని బట్టలా వస్తుంది. రెండు అలల్లోనూ నోడ్ల (గీత వంపును పట్టి ఉంచే బిందువుల) సంఖ్య సమానంగా ఉండాలి, లేకపోతే మధ్య గీతలు చిక్కుబడిన దారంలా తయారవుతాయి.

ముఖం ఫోటోకి ఎన్‌గ్రేవింగ్ ఫిల్టర్ వేస్తే సరిపోతుందా?

సరిపోదు, చూడగానే తెలిసిపోతుంది. జింప్‌లో ఎన్‌గ్రేవ్ ఉంది, ఫోటోషాప్‌లో బిట్‌మ్యాప్‌కి మార్చేటప్పుడు లైన్ స్క్రీన్ ఎంచుకోవచ్చు. రెండూ చేసేది ఒకటే: అడ్డగీతలు పరిచి, చీకటి ఉన్నచోట లావు, వెలుగున్నచోట సన్నం చేస్తాయి. ముక్కు మీదా, బుగ్గ మీదా, వెనక గోడమీదా గీత ఒకే దిక్కుకు పోతుంది. తలుపుకి కట్టిన తెర వెనక నుంచి మనిషిని చూస్తున్నట్టుంటుంది.

చేత్తో చెక్కేవాళ్ల గీతకు శరీరం తెలుసు. గ్లోబు మీద అక్షాంశ రేఖలు ఎలా వంగుతాయో అలాగే బుగ్గ మీద గీత బుగ్గలా వంగుతుంది, నుదుటి మీద చదునవుతుంది, ముక్కు పక్కన కిందికి జారుతుంది. వెయ్యికి పైగా స్టాంపులతో పాటు నోట్ల ముఖాలూ చెక్కిన చెస్వావ్ స్వానియా పని ఎక్కడైనా పెద్దది చేసి చూడండి, నేను చెప్పేది పది నిమిషాల్లో అర్థమవుతుంది.

నేను ఈ వరుసలో చేస్తాను. ఒకపక్క నుంచి వెలుగు పడే ఫోటో నేనే తీసుకుంటాను, ఎదుటి మనిషి అనుమతితో. దాన్ని బూడిద రంగుకు మార్చి, పోస్టరైజ్‌తో నాలుగు మెట్లు చేస్తాను: వెలుగు, మధ్యస్థం, నీడ, గాఢమైన నీడ. పైన కొత్త లేయర్‌లో ముఖం ఒంపులు చూపే దారిగీతలు పదిహేను ఇరవై గీసి, వాటి మధ్య బ్లెండ్‌తో నింపుతాను. నా సైజులో ముఖం ఎత్తు 45 మి.మీ., గీతకూ గీతకూ 0.3 మి.మీ. ఎడం, అంటే 150 గీతలు. తర్వాత మందం. వెలుగు మెట్టులో గీత సన్నబడి, తెగి, చుక్కలై మాయమవుతుంది. మధ్యస్థంలో నిండు గీత. నీడలో రెండో వరుస గీతలు వాలుగా అడ్డం వస్తాయి. నిట్టనిలువుగా అడ్డం పెడితే జల్లెడలా ఉంటుంది, వాలుగా పెడితే మధ్యలో సన్నని పతంగి ఆకారాలు మిగులుతాయి. గాఢమైన నీడలో ఒక్కో పతంగి మధ్య ఒక్కో చుక్క. మందం మార్చడానికి ఇల్లస్ట్రేటర్‌లో విడ్త్ టూల్, ఇంక్‌స్కేప్‌లో పవర్‌స్ట్రోక్ ఉన్నాయి.

కన్ను దగ్గర మాత్రం తొందరపడకండి. కనుపాప చుట్టూ గీతలు గుండ్రంగా తిరగాలి, మెరుపు ఉన్నచోట కాగితం తెలుపు అలాగే వదిలేయాలి. నా ముసలావిడకు మొదట ఆ తెల్లచుక్క రెండు కళ్లలో వేర్వేరు వైపుల పడింది. మూడు వారాలు చూస్తూనే ఉన్నాను, ఏదో తేడా ఉందని తెలుస్తోంది గానీ ఏమిటో అంతుబట్టలేదు. ఒక స్నేహితుడు వచ్చి “ఈవిడకి మెల్లకన్నా?” అన్నాడు.

రంగులు ఎన్ని?

మూడు ఇంకులు చాలు. అసలు నోట్లలో చాలావరకు ఒక్కో గీత ఒక్కో ఇంకుతో ముద్రవుతుంది. మామూలు ప్రింటింగ్‌లో అలా కాదు, నాలుగు ఇంకుల చుక్కలు కలిసి రంగులా కనిపిస్తాయి. ముదురు ఆకుపచ్చ సన్నగీత పెట్టి ప్రింట్ తీస్తే, భూతద్దం కింద అది గీతే కాదు, నీలం పసుపు చుక్కల వరుస. అందుకని సన్నగీతలకు ఆ నాలుగు ఇంకుల్లో (సీఎంవైకే అంటారు) ఒకదాన్నే వంద శాతం ఇవ్వండి.

దీని వెనకే ఇంకోటి ఉంది, చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. గీత లేతగా కనబడాలంటే రంగు శాతం తగ్గిస్తారు. ఇరవై శాతం అనగానే ప్రింటర్ ఆ గీతను మళ్లీ చుక్కలుగా విడగొడుతుంది. రంగు ముట్టుకోకండి, గీత సన్నం చేయండి. కంటికి లేతగానే కనిపిస్తుంది, అంచు పదునుగా ఉంటుంది.

ఇంద్రధనుస్సులా ఒక చివర నుంచి ఇంకో చివరకు రంగు మారడం నోట్లకు పాత అలవాటు. ఒకే ప్లేటుకు పక్కపక్కన రెండు ఇంకులు అందించి, మధ్యలో కలవనిస్తారు. డిజిటల్‌లో గీతల స్ట్రోక్‌కి గ్రేడియంట్ ఇస్తే అదే పోలిక వస్తుంది. నేపథ్యానికి ఇవ్వకండి.

తెలుగు అక్షరాలు పెడితే ఒత్తులు విడిపోతున్నాయి. ఏం చేయాలి?

ఫోటోషాప్‌లో పాత వెర్షన్ అయితే టైప్ ప్రిఫరెన్సుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి, లేదంటే పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో ఆ కంపోజర్‌కు మారండి. ఇంక్‌స్కేప్‌లో, కొత్త జింప్‌లో మామూలుగా ఈ గొడవ ఉండదు. పరీక్షించడానికి ‘స్వాతంత్ర్యం’ అని టైప్ చేయండి. అది సరిగ్గా వస్తే దాదాపు అన్నీ వస్తాయి. ఖరారయ్యాక అక్షరాలను పాత్‌లుగా మార్చేసి, మార్చని కాపీ ఒకటి విడిగా దాచుకోండి.

ఫాంట్లలో రామభద్ర లావుగా ఉండి విలువ రాయడానికి బాగుంటుంది, సురన్న, పెద్దన చిన్న వాక్యాలకు. వంపు దారి మీద అక్షరాలు తిప్పేటప్పుడు ఎడం పెంచండి, లేకపోతే లోపలివైపు ఒత్తులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. అంకెలు మాత్రం తెలుగువే వేసుకోండి. ౫౦ అని 30 మి.మీ. ఎత్తున వేస్తే ఆ గుండ్రని ఒంపుల్లోకి గిలోష్ ఎంత చక్కగా ఇమిడిపోతుందో! ఏ అంకెనైనా పక్కన మాటల్లో కూడా రాయండి. ‘యాభై చినుకులు’ అని చదవడంలోనే ఒక ఆనందం ఉంది.

సూక్ష్మాక్షరాలు ఎంత చిన్నగా పెట్టొచ్చు?

మీ ప్రింటర్‌ను బట్టి. ఒకే వాక్యాన్ని 8, 6, 5, 4, 3 పాయింట్లలో వేసి ప్రింట్ తీసి, భూతద్దంతో చదవండి. ఇంగ్లిష్ పెద్దక్షరాల కన్నా తెలుగు ముందే అలసిపోతుంది. మొదట ‘థ’ పొట్టలో చుక్క పూడుకుపోతుంది, అది ‘ధ’ అవుతుంది. ఇంకాస్త తగ్గిస్తే కింది గీత కూడా పోయి ‘ద’ అవుతుంది. అందుకే సూక్ష్మాక్షరాలకు ఒత్తులూ చుక్కలూ లేని మాటలు ఏరుకోండి. నా నోటు అంచున ‘వాన రావాలి వాన రావాలి’ అని సాగే సన్నగీత ఒకటుంది. దూరం నుంచి గీతే, దగ్గరికెళ్తే ప్రార్థన.

సీరియల్ నంబర్లు ఒక్కొక్కటీ చేత్తో మార్చాలా?

అక్కర్లేదు. నంబర్లను స్ప్రెడ్‌షీట్‌లో రాసి సీఎస్‌వీగా దాచి, ఫోటోషాప్ లేదా ఇల్లస్ట్రేటర్ వేరియబుల్స్‌కి ఇస్తే అవే నింపుకుంటాయి. అమెరికాలో ముద్రణ తప్పిన నోటు స్థానంలో వేసే నోటుకు నంబరు చివర నక్షత్రం ఉంటుంది. నేను పాడైన ప్రింట్ల బదులు తీసినవాటికి చిన్న గొడుగు పెడతాను. ఎందుకో గానీ చూసినవాళ్లు ముందు అవే అడుగుతారు.

అసలు నోట్లలో ఉండే చిన్న చిన్న రింగులు నా డిజైన్‌లోనూ పెట్టనా?

పెట్టకండి. ఐదు చిన్న వలయాల ఆ అమరికను యూరియన్ అంటారు. 2002లో మార్కుస్ కూన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త దాన్ని గమనించి, ఓరియన్ నక్షత్రరాశి పేరుకు యూరోను కలిపి ఆ పేరు పెట్టాడు. చాలా కలర్ కాపీయర్లు ఆ అమరికను పసిగట్టి ప్రింట్ ఆపేస్తాయి. అందులో అర్థమంతా ‘ఇది డబ్బు, కాపీ చేయకు’ అనే. ఊహా నోటుకు ఆ మాటతో పనిలేదు.

నాకు ఇది ఆలస్యంగా తెలిసింది. వాన చినుకులని నోటంతా బుల్లి పసుపు వలయాలు చల్లాను. ప్రింట్ షాపులో కాపీయర్ మొదటి కాగితానికే మొరాయించింది. షాపతను ఫైలు చూసి, నన్ను చూసి, మళ్లీ ఫైలు చూశాడు. వలయాలు తీసేసి పొడవాటి నీటిబొట్లు పెట్టాక అదే మిషన్ మాట్లాడకుండా ప్రింట్ ఇచ్చింది. చినుకు గుండ్రంగా ఎందుకుండాలని నేను అప్పుడు గానీ ఆలోచించలేదు.

ఏఐతో బొమ్మ చేయించుకుంటే?

దేశం ఎలా ఉండాలో ఊహించుకోవడానికి వాడుకోండి, తప్పులేదు. నోటుగా మాత్రం పనికిరాదు. దూరం నుంచి గిలోష్‌లా కనిపించేది దగ్గరికెళ్తే ఎక్కడా మొదలవని, ఎక్కడా కలవని నూడుల్స్. తెలుగు అక్షరాలూ చాలాసార్లు తప్పుగానే వస్తాయి.

నక్కాశీ, ఆకుల బొమ్మలు గీయడం రాదు. వేరే దారి ఉందా?

ఒక ఆకు కోసుకొచ్చి స్కాన్ చేయండి. ఇది నా తెలివి కాదు, బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ది. 1730ల చివర్లో ఆయన నిజమైన ఆకుల ఈనెలను లోహంలో పోతపోసి నోట్ల మీద ముద్రించాడు. ఏ రెండు ఆకుల ఈనెలూ ఒకేలా ఉండవు కాబట్టి నకలు చేయడం కష్టం. ఆకును కింద వైపు 1200 డీపీఐలో స్కాన్ చేసి, లెవెల్స్‌తో నలుపు తెలుపు విడగొట్టి, ట్రేస్ చేస్తే వెక్టర్ చేతికొస్తుంది. రావి ఆకు అయితే ఎండి వలలా మిగిలినది దొరికితే ఇంకా మంచిది.

ప్రింట్ ఎలాంటి కాగితం మీద?

మామూలు జిరాక్స్ కాగితం మీద వద్దు, ఇంకు పీల్చుకుని గీతలు ఉబ్బిపోతాయి. డాలర్ కాగితంలో 75 శాతం పత్తి, 25 శాతం అవిసె నార. ఆ స్పర్శ కోసం పత్తి గుజ్జుతో చేసిన పలచని ఆర్ట్ పేపర్, పిగ్మెంట్ ఇంకున్న ఇంక్‌జెట్ వాడితే సంతోషంగా ఉంటుంది. ఆస్ట్రేలియా 1988లో ప్లాస్టిక్ నోటు తెచ్చింది కదా, ఆ దారి నచ్చితే పారదర్శకమైన ఫిల్మ్ మీద తీసి ఒక కిటికీ వదలండి.

ఫైలు పీడీఎఫ్‌లో, గీతలు వెక్టర్‌గానే ఇవ్వండి. షాపువాళ్లు జేపీజీ అడిగితే ఇంకో షాపు చూసుకోండి.

వెనకవైపు కూడా చేయాలా?

చేస్తే దాన్ని రెండో బొమ్మగా విడి కాగితం మీద తీసి, రెండూ పక్కపక్కన ఫ్రేమ్ కట్టండి. రెండువైపులా ఒకే కాగితం మీద పడితే అది నోటుకు మరీ దగ్గరవుతుంది.

తెరమీద పెడితే గీతల మధ్య వింత అలలు కనిపిస్తున్నాయి.

దాన్ని మ్వారే అంటారు. సన్నగీతల వరుస పిక్సెళ్ల వరుసతో పోట్లాడుతోంది. చిన్నది చేసే ముందు అర పిక్సెల్ నుంచి ఒక పిక్సెల్ గాసియన్ బ్లర్ ఇచ్చి చూడండి. తగ్గకపోతే మొత్తం నోటును చిన్నగా ఒక బొమ్మ, కన్ను, అంకె, అంచు పట్టీ మాత్రం పెద్దగా మూడు బొమ్మలు పెట్టండి. చూసేవాళ్లు ఆగేది ఎలాగూ ఆ మూడింటి దగ్గరే.

చూసినవాళ్లు ప్రింట్ ఫైలు అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?

నేను ఇవ్వను. 72 డీపీఐ బొమ్మ ఎవరైనా దాచుకోవచ్చు. ఒకావిడ మాత్రం తన కూతురికి నేర్పడానికి గిలోష్ కావాలని అడిగింది. మూడు అంకెలు రాసి పంపాను: వలయం 96, చక్రం 35, పెన్ను దూరం మీ ఇష్టం.